ఆనవాలు తప్పిన మనిషి

గ్రూప్ కెప్టెన్ ఫణీంద్ర సమోసా తింటూ కూర్చుని ఉండగానే, గది మధ్యలో ఉన్న స్పీకర్లోంచి అతని గొంతు ఆజ్ఞ ఇచ్చింది.

"ఉత్తరం వైపు వెళ్లిన రెండు విమానాలనూ వెనక్కి పిలవండి. ఇది నా ఆజ్ఞ."

అదే బొంగురు, అదే విరుపు. వాక్యం చివర ముక్కుతో గాలి వదిలే అలవాటు కూడా అదే. గదిలో ఉన్న అధికారులంతా అతని వైపు తిరిగి చూశారు. అతను నోట్లో ఉన్నది మింగి, నేను కాదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ గొంతును కంప్యూటర్ చేత పలికించి సిద్ధం చేసింది ప్రయోగశాల వాళ్లే. రహస్య సంకేతాలు కూడా అన్నీ సరైనవే జతచేశారు. దొంగ చేతికి తాళాలిచ్చి ఇంట్లోకి పంపినట్టే.

గోడ మీది తెర కాసేపు ఊరుకుంది. తర్వాత ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఇతను ఫణీంద్ర కాదు. ఆజ్ఞ చెల్లదు."

చప్పట్లు మోగాయి. డైరెక్టర్ త్రివిక్రమరావు గారు లేచి వచ్చి డాక్టర్ హైమవతి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆ యంత్రం వెనక ఉన్న బుర్ర ఆమెది. ఫణీంద్ర ఆమె భర్త.

యుద్ధం వస్తే శత్రువు మొదటి దెబ్బ కొట్టేది తలకాయ మీదే. ఆకాశంలో ఉన్న విమానాలకూ, నేల మీది క్షిపణులకూ ఏం చెయ్యాలో చెప్పే కమాండ్ కేంద్రం ఒక్క బాంబుతో పోతే, మిగిలిన బలమంతా ఉండీ లేనట్టే. అందుకని హైమవతి ఆ తలకాయనే తీసేసింది. ప్రతి రాడార్ కేంద్రం, ప్రతి క్షిపణి బండి, ప్రతి విమానం ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేలా చేసింది. కేంద్రం కాలిపోయినా, ప్రాణాలతో బయటపడ్డ అధికారి ఏ లారీలో కూర్చునో మొత్తం దళాన్ని నడపవచ్చు. చిక్కల్లా ఒకటే. అలా ఎక్కడి నుంచో మాట్లాడేది మన అధికారేనా, అతని గొంతు దొంగిలించిన శత్రువా?

గొంతు దొంగిలించవచ్చు. వేలిముద్ర దొంగిలించవచ్చు. మనిషి నిర్ణయం తీసుకునే తీరును మాత్రం ఎవరూ దొంగిలించలేరని హైమ నమ్మింది. ముందు ఏమడుగుతాడు, దేన్ని అనుమానిస్తాడు, ఎంతసేపు ఆగుతాడు, ఎక్కడ తెగిస్తాడు. వీటన్నిటినీ చూసి మనిషిని గుర్తుపట్టే ఆ యంత్రానికి 'ఆనవాలు' అని పేరు పెట్టింది.

దానికి నేర్పడానికి మొదట ముందుకొచ్చినవాడు ఫణీంద్రే. రెండేళ్ల పాటు ప్రతి విన్యాసంలోనూ మణికట్టుకు పట్టీ కట్టుకుని, కళ్ల ముందు కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. అప్పట్లో అతనికి దళంలో మంచి పేరు. రాడార్ తెర మీద చుక్క కనపడటం, అతని నోట ఆజ్ఞ రావడం ఒకేసారి జరుగుతాయని చెప్పుకునేవారు.

"నాకు బట్టతల వస్తోందని నీకు తెలీదు గానీ, నేను ఎడమ పక్కన వచ్చే విమానాన్నే ముందు చూస్తానని నీ యంత్రానికి మాత్రం తెలుసు" అని ఇంట్లో నవ్వేవాడు.

"బట్టతల సంగతి కాలనీ అంతా తెలుసులే" అనేది హైమ. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే తరగతిలో చదువుకున్న రోజుల నుంచీ వాళ్లిద్దరి మాటలూ అలాగే ఉండేవి.

ఆ వర్షాకాలంలో కనుమల మీద శిక్షణ జరుగుతున్నప్పుడు అభిరామ్ అనే కుర్ర పైలట్ మబ్బులో చిక్కుకున్నాడు. "బాగా దట్టంగా ఉంది సార్. పైకి ఎక్కనా?" అని రేడియోలో అడిగాడు. పైన ఇంకో విమానం ఉంది. ఫణీంద్ర ఎప్పటిలాగే క్షణం ఆలస్యం చెయ్యకుండా "వద్దు, కిందికే రా" అన్నాడు. కింద కొండ ఉంది. మ్యాపులో ఆ కొండ ఎత్తు తప్పుగా ఉందనీ, ఆజ్ఞ ఇచ్చిన అధికారి పొరపాటేమీ లేదనీ విచారణలో తేలింది.

"వాడు అడిగాడు హైమా" అన్నాడు ఫణీంద్ర, విచారణ ముగించుకుని ఇంటికొచ్చిన రోజున, బూట్లయినా విప్పకుండా. "ఎక్కనా సార్ అని అడిగాడు. అడిగినవాడి మాట పూర్తిగా విని ఒక్క ఊపిరి ఆగి ఉంటే చాలు. నేను ఆగలేదు."

అప్పటి నుంచి అతను ఆగడం మొదలుపెట్టాడు. గ్యాస్ కట్టేశాక మళ్లీ వెళ్లి చూసేవాడు. కూతురు జాహ్నవి స్కూలు బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా గేటు దగ్గర నుంచి కదిలేవాడు కాదు.

"అమ్మా, నాన్న ఇడ్లీలోకి ఏ చట్నీ కావాలో కూడా రెండుసార్లు అడుగుతున్నాడు. నేనేమైనా మాట మారుస్తానా?" అని జాహ్నవి విసుక్కుంది.

డ్యూటీలోనూ అంతే. ప్రతి ఆజ్ఞకూ ముందు "ఇంకోసారి చూసి చెప్పండి" అనేవాడు. పై అధికారులకు అది నచ్చలేదు. పైలట్లు మాత్రం, ఫణీంద్ర సార్ డెస్క్ మీద ఉంటే ధైర్యంగా ఎగరగలమని చెప్పుకోసాగారు.

యంత్రాన్ని దళానికి అప్పగించే ముందు ఆఖరి పరీక్ష జరిగింది. అందులో ఆనవాలు ఫణీంద్ర పేరును మొదటిసారి పసుపు రంగులో చూపించింది. అంటే సందేహం అని అర్థం. ఎలాగో హద్దు దాటకుండా బయటపడ్డాడు. సాయంత్రం ప్రయోగశాల పార్కింగులో, కారు తలుపు తీయబోతున్న హైమను అతను ఆపాడు.

"నా తీరు మళ్లీ మొదటి నుంచీ తీసుకో హైమా."

"ఎందుకు?"

"నీ దగ్గరున్నది పాత ఫణీంద్ర. వాడికీ నాకూ ఇప్పుడు పోలిక లేదు."

"మళ్లీ తీసుకోవాలంటే రెండేళ్లు కావాలి. వచ్చే నెలలో అప్పగించేస్తున్నాం."

"పోనీ, హద్దయినా కాస్త సడలించు."

"నీకు సడలిస్తే శత్రువుకూ సడలించినట్టే కదా ఫణీ! ఇదంతా ఎందుకు కట్టినట్టు మరి?" హైమ గొంతు తగ్గించింది. "నువ్వేం మారలేదు. దెబ్బ తగిలింది, అంతే. మానుతుంది."

"మానకపోతే?"

ఆమె కారు ఎక్కింది. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. మర్నాడు డైరెక్టర్ గదిలోకి వెళ్లి సంగతి చెప్పింది.

త్రివిక్రమరావు గారు అంతా విని, "మీ ఆయన మీద బెంగతో దేశం పని ఆపమంటారా డాక్టరుగారూ?" అన్నారు. కోపంగా కాదు, మెత్తగానే అన్నారు. హైమ ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ల పనిలో తనను ఎవరైనా ఫలానావారి భార్యగా చూడటం అదే మొదటిసారి. సారీ చెప్పి బయటికొచ్చేసింది. ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

యుద్ధం చలికాలంలో వచ్చింది.

అందరూ భయపడ్డట్టే మొదటి రోజే పడమటి కమాండ్ కేంద్రం మీద బాంబులు పడ్డాయి. లోపల ఉన్నవాళ్లలో సగం మంది పోయారు. ఫణీంద్ర మోచేయి విరిగి, దుమ్ము కొట్టుకుపోయి బయటపడ్డాడు. ఒక సైనిక లారీ వెనక ఎక్కి, పగిలిన అద్దం ఉన్న చిన్న తెర ఒళ్లో పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆనవాలు అతన్ని గుర్తుపట్టింది. చెదిరిపోయిన దళమంతా ఒక్కసారిగా అతని మాట మీద లేచింది. శత్రువు అతని గొంతుతోనూ, ఇంకా పలువురు అధికారుల గొంతులతోనూ దొంగ ఆజ్ఞలు కుప్పలుగా పంపాడు. ఆనవాలు ఒక్కటీ లోపలికి రానివ్వలేదు. ఆ వారంలో ఎన్ని పట్టణాల మీద బాంబులు పడకుండా ఆగాయో లెక్క కట్టడం కష్టం.

హైదరాబాదు శివార్లలోని ప్రయోగశాలలో హైమ ఆ తెర ముందే అన్నం తింటోంది, తెర ముందే కునుకు తీస్తోంది. ఫణీంద్ర పేరు ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. వచ్చేవన్నీ స్పష్టంగా శత్రు విమానాలే కాబట్టి అతనికి తటపటాయించే అవసరమే రాలేదు. నేను చెప్పలేదూ, మానుతుందని, అనుకుంది ఆమె. ఆ వారం ఆమె సంతోషంగా ఉంది. తర్వాత ఆ సంతోషాన్ని తల్చుకున్నప్పుడల్లా ఆమెకు అసహ్యం వేసేది.

రెండో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం సరిహద్దు అవతలి నుంచి ఒక చుక్క బయలుదేరింది. సరిగ్గా అంతకుముందు రోజు శత్రువు దాడికి వచ్చిన దారిలోనే వస్తోంది. పలకరిస్తే పలకడం లేదు. మనదని చెప్పే సంకేతమూ ఇవ్వడం లేదు.

"ఆగండి" అన్నాడు ఫణీంద్ర. హైమకు అతని గొంతు స్పీకర్లో వినపడుతోంది. "ఇంకోసారి చూసి చెప్పండి. వేగం ఎంత?"

ఎవరో వేగం చెప్పారు.

"అంత నెమ్మదిగా ఎవడూ దాడికి రాడు. ఎత్తు? పడిపోతోందా? మళ్లీ చూడండి. గాయపడ్డవాళ్ల కోసం పొద్దున మనది ఒక రవాణా విమానం వెళ్లింది, తిరిగొచ్చిందా? ఎవరైనా కనుక్కోండి. ఎవరూ కాల్చొద్దు."

తెర మీద అతని పేరు పసుపు రంగుకు మారింది.

హైమ లేచి నిలబడింది. అతను ఇంకో ప్రశ్న అడిగాడు. మళ్లీ ఆగాడు. ఇన్ని ప్రశ్నలు, ఇంతింత మౌనాలు ఆనవాలుకు తెలిసిన ఫణీంద్రవి కావు. ఎవరో అతని గొంతు పెట్టుకుని, శత్రు విమానాన్ని లోపలికి రానివ్వడానికి కాలయాపన చేస్తున్నారని అది లెక్కగట్టింది. పేరు ఎర్రబడింది.

"ఇతను ఫణీంద్ర కాదు. ఆజ్ఞ చెల్లదు."

"అతనే! అది అతనే!" అని హైమ అరిచింది. గదిలో ఉన్నవాళ్లు ఆమెను చూశారు, ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. బయటి నుంచి ఆనవాలును కాదనే దారి ఏదీ లేదు. అలాంటి దారి ఉంటే శత్రువు కనిపెట్టేస్తాడని, ఒక్కటి కూడా లేకుండా మూసేసింది ఆమే.

ఫణీంద్ర ఫోను తీసి నేరుగా క్షిపణి బండిలో ఉన్న అధికారిని పిలిచాడు.

"కాల్చకు. అది మన విమానం. నేను ఫణీంద్రను మాట్లాడుతున్నా."

"సార్, తెర మీరు మీరు కాదంటోంది."

"నేనేనయ్యా! నన్ను నువ్వెరుగుదువు. నీ పెళ్లికి కూడా వచ్చాను. ఆపు!"

అవతలివాడు ఏడుపు గొంతుతో, "గొంతును నమ్మొద్దని మీరే కదా సార్ మాకు నేర్పించారు" అన్నాడు.

ఆజ్ఞ ఇచ్చేవాడు లేడని తేలితే ఏం చెయ్యాలో నియమం ముందే ఉంది. సరిహద్దు దాటి వచ్చి పలకని విమానాన్ని కూల్చాలి. కూల్చారు.

అది మన రవాణా విమానమే. ముందు వరస నుంచి గాయపడ్డ సైనికులను తెస్తోంది. తుపాకీ గుళ్లు తగిలి రేడియో పోయింది, ఒక ఇంజను ఆగిపోయింది. దాన్ని అక్కడిదాకా లాక్కొచ్చిన పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబగిరి. శత్రువు దాడిలో వీరమరణం పొందాడని పత్రికల్లో వచ్చింది. సంగతి తెలిసిన అందరి చేతా నోరు విప్పకూడదని సంతకాలు తీసుకున్నారు.

యుద్ధం ముగిసింది. ఫణీంద్రను డ్యూటీ నుంచి తప్పించారు. 'ఆనవాలు తప్పిన అధికారి' అని అతని కోసం ఒక కొత్త మాట పుట్టింది.

హైమ మళ్లీ ప్రయోగశాలకు వెళ్లి ఒక పని చేసింది. ఆనవాలులో పాత ఫణీంద్ర తీరంతా పదిలంగా ఉంది. ఆ మధ్యాహ్నం తెర మీద కనిపించినదంతా ఉన్నదున్నట్టు దాని ముందు పెట్టి, నువ్వయితే ఏం చేస్తావని అడిగింది. ఊపిరి తీసి వదిలే లోపల జవాబు వచ్చింది. కాల్చండి. మళ్లీ పెట్టింది. కాల్చండి. ఎన్నిసార్లు పెట్టినా అదే.

ఆ ఫలితాన్ని డైరెక్టర్ ముందు పెట్టింది.

"అంటే ఆ రోజు మీ ఆయన మారకుండా ఉన్నా ఆ విమానం కూలేదే?" అన్నారు త్రివిక్రమరావు గారు.

"కూలేది సార్."

"మరింకేం? యంత్రం తప్పేమీ లేదన్నమాట."

"ఆ రోజు అందరిలోకీ సరైన మాట అన్నది అతనొక్కడే సార్. మనం అతన్నే గెంటేశాం."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మొదటి వారంలో ఇది లేకపోతే ఏమయ్యేదో మీకు నేను చెప్పాలా డాక్టరుగారూ? ఒక విమానం పోయింది. ఘోరమే. కాదనను. కానీ ఊళ్లకు ఊళ్లు మిగిలాయి."

అది అబద్ధం కాదు.

"పైనుంచి నిర్ణయం వచ్చేసింది" అన్నారాయన. "అన్ని స్థావరాల్లోనూ పెడుతున్నాం. అధికారి దొరకని చోట, ఇదిగో, ఈ పాత తీరునే కూర్చోబెడతాం. అది అలసిపోదు, బెదిరిపోదు."

"ఆగి అడగదు కూడా."

"మనకు కావాల్సింది అదే కదా."

"నేనీ పని చెయ్యలేను సార్."

"మీ ఇష్టం" అన్నారు, నిజంగానే బాధపడుతూ. "ఎవరు లేకపోయినా ఆగకూడదనే కదా మీరు దీన్ని కట్టింది. ఆగదు."

ఇంటికి వెళ్లేసరికి ఫణీంద్ర వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాడు. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సరిగ్గా వంగడం లేదు. ఆమె ముఖం చూసి కత్తి పక్కన పెట్టాడు.

"వాణ్ణి అడిగావా?"

"ఎవర్ని?"

"పాతవాణ్ణి. అడిగే ఉంటావు, నాకు తెలుసు. ఏమన్నాడు?"

అబద్ధం చెప్పాలని హైమకు అనిపించింది. ఏ అబద్ధం చెబితే అతనికి తక్కువ నొప్పి కలుగుతుందో తేల్చుకోలేకపోయింది.

"కాల్చమన్నాడు."

ఫణీంద్ర కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు కోసం వెతికి, కనపడక, చొక్కాకే తుడుచుకున్నాడు.

"నేను గుంతకల్లు వెళ్లాలి హైమా. కంబగిరి వాళ్లమ్మ దగ్గరికి."

"చెబితే జైల్లో పెడతారు."

"పెట్టనీ."

"నేనూ వస్తాను" అంది హైమ.

కంబగిరి తల్లి సరోజమ్మ గుంతకల్లులో రైల్వే ఆసుపత్రి నర్సు. తండ్రి ఎప్పుడో పోయాడు. క్వార్టర్స్‌లో చిన్న ఇల్లు, ఉతికి ఆరేసిన తెల్ల చీరలు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తలకు పెట్టుకున్న పిన్నులు కూడా తీయలేదు. పెద్ద ఆఫీసరు వచ్చాడని హడావిడిగా కుర్చీలు దులిపింది.

"కూచోండి సార్. మీరూ కూచోండమ్మా. టీ పెడ్తా."

వద్దంటున్నా వినకుండా రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మావాని గురించి ఏమన్నా చెప్పనీకి వచ్చినారా సార్?"

"అమ్మా, మీవాడు విమానాన్ని మన నేల దాకా తెచ్చాడు" అన్నాడు ఫణీంద్ర. "ఒక్క ఇంజనుతో తెచ్చాడు. కూల్చింది శత్రువు కాదు. మనమే."

సరోజమ్మ కదల్లేదు. వీధిలో కూరగాయలామె కేక వేసుకుంటూ పోయింది. ఆ కేక దూరమయ్యేదాకా ఆమె అలాగే ఉంది.

"మీరు కాల్చమన్నారా?"

"వద్దన్నాను."

"మరి?"

"నా మాట చెల్లలేదమ్మా."

"పెద్దాఫీసరు అంటిరి కదా. మీ మాట ఎట్ల చెల్లకుండా పోతాది?"

హైమ అందుకుంది.

"మాట్లాడేది అసలు మనిషో కాదో తేల్చే యంత్రం ఒకటుందమ్మా. ఈయన ఈయన కాదని చెప్పింది. అందుకని ఎవరూ వినలేదు. దాన్ని చేసింది నేనే."

సరోజమ్మ ఆమె వైపు మొదటిసారి నిదానంగా చూసింది. "ఈయనకు మీరేమైతారు?"

"భార్యను."

"గొంతు ఇనిండ్లా మీరు, ఆ పొద్దు?"

"విన్నాను."

"మీ మొగుడే అని తెలిసిండ్లా?"

"తెలిసింది."

"మీకు తెలిసినా దానికి చెప్పేకి కాలేదా?"

"కాలేదమ్మా. చెప్పడానికి వీల్లేకుండా చేసింది కూడా నేనే."

ఫణీంద్ర తల దించుకున్నాడు. సరోజమ్మ ఏడవలేదు. రోగికి ఏ మందులివ్వాలో అడిగి తెలుసుకున్నంత మామూలుగా, "ఇప్పుడు నిలిపేసినారా దాన్ని?" అని అడిగింది.

"లేదమ్మా" అంది హైమ. "అన్ని చోట్లా పెడుతున్నారు."

సరోజమ్మ లేచింది. హైమ ముందున్న టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. తొట్టిలో పారబోసిన చప్పుడు, గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు ముందుగదిలోకి వినపడ్డాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చి, స్టూలును ఫణీంద్ర వైపు జరుపుకుని కూర్చుంది.

"మీరు తాగండి సార్" అంది. "సల్లగైపోతాంది."